కాపీరైట్ ఆఫీసు ఏడాది లెక్కలు, మన దరఖాస్తు ఆగే చోట్లు

కాపీరైట్ ఆఫీసు ఒక ఏడాదిలో ఎంత పని చేసిందో చెప్పడానికి మన దేశంలో మూడు అంకెలు వాడతారు. ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్నింటిని పరిశీలించారు, ఎన్ని నమోదయ్యాయి. పేటెంట్లు, డిజైన్లు, ట్రేడ్‌మార్కుల కంట్రోలర్ జనరల్ ఏటా తెచ్చే నివేదికలో కాపీరైట్ లెక్కలూ ఉంటాయి. ఈ మూడూ అక్కడివే. పాటలు రాసేవాళ్లు, యాప్‌లు చేసేవాళ్లు, బొమ్మలు గీసేవాళ్లు, పుస్తకాలు వేసేవాళ్లు వాటిని చూసి అడిగేది ఒకటే: "ఇప్పుడు వేస్తే ఎన్నాళ్లకు వస్తుంది?" దానికి జవాబు ఆ అంకెల్లో నేరుగా దొరకదు. దరఖాస్తు ఏ మెట్టు మీద ఆగుతుందో తెలిసినవాళ్లకు మాత్రం అవి చాలా విషయం చెబుతాయి.

ముందు ఆఫీసు సంగతి రెండు ముక్కల్లో. 1957 నాటి కాపీరైట్ చట్టం 1958 జనవరి 21న అమల్లోకి వచ్చింది. ఆఫీసు కూడా అప్పటిదే. చాలాకాలం కేంద్ర విద్యా శాఖ కింద నడిచి, 2016 మార్చిలో పారిశ్రామిక విధానాలు చూసే శాఖకు, ఇప్పుడు డీపీఐఐటీ అంటున్న దానికి, మారింది. ఢిల్లీ ద్వారకలోని బౌద్ధిక్ సంపదా భవన్‌లో ఉంటుంది. పేటెంటుకూ ట్రేడ్‌మార్కుకూ దక్షిణాదివాళ్లకు చెన్నైలో కార్యాలయం ఉంది. కాపీరైట్‌కు అలాంటిది లేదు. శ్రీకాకుళం నుంచి వేసినా ఆదిలాబాద్ నుంచి వేసినా ఒకటే చోటికి చేరాలి. అందుకే ఈ ఆఫీసు ఆన్‌లైన్‌కు మారడం మనలాంటి దూరపు రాష్ట్రాలవాళ్లకు ఢిల్లీవాళ్లకంటే ఎక్కువ అవసరం.

ఇక లెక్కలు. 2016-17లో సుమారు 16,600 దరఖాస్తులు వచ్చాయి, దాదాపు అన్నే పరిశీలించారు. నమోదైనవి మాత్రం 3,600. మరుసటి ఏడాది వచ్చినవి 17,800, అంటే పెరుగుదల ఏడు శాతం పైచిలుకు. అదే ఏడాది పరిశీలించినవి ఒక్కసారిగా 34,400కి, నమోదైనవి దాదాపు 20,000కి చేరాయి. 2018-19లో 18,250 వస్తే 22,650 పరిశీలించి 14,600 నమోదు చేశారు. 2019-20లో వచ్చినవి 21,900, పరిశీలించినవి 19,500, నమోదైనవి 16,000.

2017-18 వరసను ఆగి చూడండి. వచ్చినవాటికంటే నమోదైనవే ఎక్కువ. ఆ ఏడాది వేసిన అందరికీ సర్టిఫికెట్ వచ్చేసిందని దీనర్థం కాదు. పాత బకాయి కరిగింది. అంతకుముందు ఏడాది నూటికి ఇరవై రెండే నమోదయ్యాయంటే మిగతా డెబ్భై ఎనిమిదీ తిరస్కరించారనీ కాదు. ఒక ఏడాదిలో వచ్చిన దరఖాస్తులూ ఆ ఏడాది నమోదైన దరఖాస్తులూ వేర్వేరు గుంపులు. వాటిని ఒకదానితో ఒకటి భాగించి "విజయ శాతం" అని రాస్తే ఆ శాతానికి అర్థం ఉండదు. ఇంకో సంగతీ ఉంది. దరఖాస్తు చేరాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి. కాబట్టి మార్చిలో వేసినది ఎంత శుభ్రంగా ఉన్నా దాదాపుగా ఆ ఆర్థిక సంవత్సరం నమోదు లెక్కలోకి రాదు. వచ్చిన లెక్కలో మాత్రం ఉంటుంది.

నాలుగేళ్లూ కలిపితే బొమ్మ కొంత స్థిరపడుతుంది. వచ్చినవి సుమారు 74,600, పరిశీలించినవి 93,000, నమోదైనవి 54,300. పరిశీలన వేగం వచ్చే వేగాన్ని దాటింది. అంటే బల్ల మీద కాగితం కదలడం లేదన్న పాత ఫిర్యాదు ఆ నాలుగేళ్లలో బాగా తగ్గింది, ఆ మేరకు ఆఫీసును మెచ్చుకోవాల్సిందే. కానీ పరిశీలించినవాటికీ నమోదైనవాటికీ మధ్య దాదాపు 39,000 తేడా ఉంది. నేను ముఖ్యంగా చూసేది ఆ తేడానే. పరిశీలన జరిగినా రిజిస్టరుకెక్కని దరఖాస్తు అంటే లోపాల లేఖ (ఫారంలో, పత్రాల్లో తప్పులు చెబుతూ ఆఫీసు పంపేది) అందుకున్నదో, విచారణ కోసం ఎదురుచూస్తున్నదో, అభ్యంతరం వచ్చినదో, దరఖాస్తుదారు వదిలేసినదో అయి ఉంటుంది. ఇందులో చాలా భాగం ఆఫీసు వేగంతో సంబంధం లేనిది. ఫారం నింపిన తీరుతో సంబంధం ఉన్నది.

కాబట్టి ఏటా నివేదిక వచ్చినప్పుడు అందులో కోరుకోవాల్సిన అంకెలు వేరు. ఒక్క లేఖ కూడా లేకుండా నేరుగా నమోదైనవి ఎన్ని? దరఖాస్తు పడ్డ రోజు నుంచి సర్టిఫికెట్ దాకా మధ్యస్థంగా, అంటే వరసలో సరిగ్గా మధ్యనున్న దరఖాస్తుకు, ఎన్ని రోజులు పట్టింది? సగటు ఇక్కడ పనికిరాదు, ఐదేళ్లు పడివున్న వంద దరఖాస్తులు వేల దరఖాస్తుల సగటును చెడగొడతాయి. లోపాల లేఖల్లో ఎక్కువసార్లు వచ్చే కారణాలేమిటి? విచారణ కోసం ఏడాదికి మించి ఆగినవి ఎన్ని? ఈ నాలుగూ ప్రకటిస్తే దరఖాస్తులు వేసేవాళ్లే సగం తప్పులు మానేస్తారు.

దరఖాస్తు నడిచే దారి

ఆన్‌లైన్‌లో నమోదు దరఖాస్తు అయిన ఫారం 14 నింపి ఫీజు కట్టగానే డైరీ నంబరు వస్తుంది. నంబరు, ఏడాది, చివర వర్గం గుర్తు: సాహిత్యానికి ఎల్, కళాకృతికి ఏ, సాఫ్ట్‌వేర్‌కు ఎస్‌డబ్ల్యూ, ఇలా. ఈ నంబరు రిజిస్ట్రేషన్ కాదు. దీన్ని ప్యాకెట్ల మీద "కాపీరైట్ నంబరు" అని అచ్చు వేయించేవాళ్లున్నారు, అది తప్పు. రచన ప్రతి, జతపరచాల్సిన పత్రాలు చేరకపోతే స్టేటస్ "వర్క్ అవైటెడ్" దగ్గరే ఉండిపోతుంది. నెలల తరబడి ఆగిందని వాపోయే దరఖాస్తుల్లో కొన్ని అసలు వరసలోకే రాలేదన్నమాట. ఫీజు కట్టిన మర్నాడే స్టేటస్ ఒకసారి చూసుకోవాలి.

తర్వాత 30 రోజుల నిరీక్షణ. ఆ రచన మీద హక్కు ఉందనే వాళ్లెవరైనా ఈలోగా అభ్యంతరం చెప్పవచ్చు. ఇక్కడ చాలామంది మరచిపోయే నిబంధన ఒకటుంది. 2013 నాటి కాపీరైట్ నియమాల్లో 70వ నియమం ప్రకారం, ఆ రచనపై హక్కు ఉందనేవాళ్లకు, మన హక్కును కాదనేవాళ్లకు, దరఖాస్తు వేస్తున్న సంగతి మనమే తెలియజేయాలి. సహ రచయితతో గొడవ నడుస్తుండగా చెప్పకుండా వేసి సర్టిఫికెట్ తెచ్చుకుంటే, కోర్టులో మొదట ప్రశ్నించేది దీన్నే. అభ్యంతరం వస్తే ఇద్దరినీ వింటారు. రాకపోతే పరిశీలకుడి దగ్గరికి వెళ్తుంది. అంతా సరిగ్గా ఉంటే రిజిస్టరులో ఎక్కుతుంది, లేకపోతే లోపాల లేఖ. దాని గడువు లేఖలోనే ఉంటుంది. అది వచ్చేది పోర్టల్‌లో ఇచ్చిన ఈమెయిల్‌కు. ఏజెంటు తన ఈమెయిల్‌తో వేసి ఆ తర్వాత ఫోన్ ఎత్తకపోతే రచయితకు ఆ లేఖ సంగతే తెలియదు. ఏజెంటు చేత వేయించినా డైరీ నంబరు మీ దగ్గర ఉంచుకుని నెలకోసారి స్టేటస్ చూడండి.

ఫీజులు ఇప్పటికీ 2013 నియమాల్లోవే. సాహిత్యం, నాటకం, సంగీతం, కళాకృతి ఒక్కోదానికి 500 రూపాయలు. సరుకుల మీద వాడే కళాకృతి అయితే 2,000. శబ్ద ముద్రణకు 2,000, సినిమాకు 5,000. దరఖాస్తు ఆగిపోయినా కట్టింది తిరిగి రాదు.

ఒక సినిమా పాటనే తీసుకోండి. జనం నోట అది ఒక పాట, చట్టం కంట మూడు రచనలు. సాహిత్యం ఒకటి, బాణీ రెండోది, స్టూడియోలో ముద్రించిన ఆడియో మూడోది. విడివిడిగా మూడు దరఖాస్తులు, 500, 500, 2,000, మొత్తం 3,000 రూపాయలు. సాహిత్యానికి రచయిత కవి, బాణీకి సంగీత దర్శకుడు, ఆడియోకు నిర్మాత. ఎమ్పీ3 ఫైలు ఒకటి పెట్టి "మ్యూజికల్ వర్క్" అని ఎంచుకుంటే లేఖ ఖాయం, ఎందుకంటే ఆ ఫైలు శబ్ద ముద్రణ. బాణీకి స్వరలిపి రాసి ఇవ్వడమే మేలు. స్వరాలు తెలుగులో రాసినా స్వరలిపే.

ఫారం 14లో తరచూ తడబడే గళ్లు

ఫారం 14కు వివరాల పట్టిక ఒకటి, అదనపు వివరాల పట్టిక ఒకటి ఉంటాయి. లోపాల లేఖల్లో చాలావరకు వీటిలోని నాలుగైదు గళ్ల చుట్టూనే తిరుగుతాయి.

మూడో గడి: రచనలో దరఖాస్తుదారుకు ఉన్న హక్కు ఏ తరహాది. రచయితే వేస్తే "రచయిత, యజమాని" అని రాస్తే సరిపోతుంది. కంపెనీ వేస్తుంటే యజమాని ఎలా అయిందో చెప్పాలి. ఉద్యోగి డ్యూటీలో భాగంగా చేసిన పని అయితే చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి యజమాని సంస్థే. ఫ్రీలాన్సరు చేసి ఇచ్చినదానికి సాధారణంగా ఇది వర్తించదు. డబ్బు ఇచ్చినంత మాత్రాన హక్కు రాదు, రాతపూర్వకంగా బదిలీ పత్రం కావాలి. ఆ పత్రంలో రచన పేరు, ఏ హక్కులు, ఎన్నేళ్లు, ఏ ప్రాంతం అన్నవి ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లే అనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశమే అనీ 19వ సెక్షన్ అనుకుంటుంది. యాప్ కోడ్ రాయించుకుని కాలం రాయడం మరచిన చిన్న కంపెనీకి ఆరో ఏట దీని బరువు తెలుస్తుంది.

ఏడో గడి: రచయిత పేరు, చిరునామా, జాతీయత. సాహిత్యానికీ బొమ్మకూ సాఫ్ట్‌వేర్‌కూ ఇక్కడ మనిషి పేరు ఉండాలి. కంపెనీ పేరు రాయడం ఎక్కువగా జరిగే తప్పు. సినిమాకూ శబ్ద ముద్రణకూ నిర్మాతనే రచయితగా చట్టం గుర్తిస్తుంది కాబట్టి అక్కడ సంస్థ పేరు చెల్లుతుంది. రచయిత ఒకరు, దరఖాస్తుదారు ఇంకొకరు అయితే రచయిత నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) జతచేయాలి. సంతకం, పేరు, రచన శీర్షిక మూడూ ఫారంతో అచ్చంగా సరిపోవాలి. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, ఎన్‌ఓసీలో పొడి అక్షరాలు, ఫారంలో ఇంటిపేరు వెనక ఉంటే పరిశీలకుడికి ముగ్గురు మనుషులు కనిపిస్తారు. తెలుగు పేర్లతో ఈ చిక్కు మరీ ఎక్కువ. అన్నిచోట్లా ఒకే స్పెల్లింగు ముందే నిర్ణయించుకోండి.

ఐదో గడిలోని శీర్షికదీ ఇదే కథ. పుస్తకం అట్ట మీద తెలుగు లిపిలో, ఫారంలో ఇంగ్లీషు అక్షరాల్లో, ఫైలు పేరు మరోలా ఉంటాయి. దీర్ఘాలకు ఒకచోట రెండు అక్షరాలు, మరోచోట ఒకటి. పోర్టల్‌లో వెతికేవాళ్లకు రేపు ఈ స్పెల్లింగుతోనే దొరకాలి. పీడీఎఫ్ మొదటి పేజీలో తెలుగు శీర్షిక కింద ఫారంలో రాసిన రోమన్ శీర్షికనే అక్షరం తేడా లేకుండా పెట్టండి. రెండు నిమిషాల పని, ఒక లేఖ తప్పుతుంది.

ఎనిమిది, తొమ్మిది గళ్లు: ప్రచురితమా, అప్రచురితమా, ప్రచురితమైతే ఏ సంవత్సరం, ఏ దేశం, ప్రచురణకర్త ఎవరు. చట్టంలో ప్రచురణ అంటే అచ్చు ఒక్కటే కాదు. ప్రతులు జారీ చేసినా, ప్రజలకు వినిపించినా చూపించినా ప్రచురణే. ఫేస్‌బుక్‌లో ధారావాహికగా పెట్టిన నవల, యూట్యూబులో పెట్టిన లఘుచిత్రం, ప్లే స్టోర్‌లో ఉన్న యాప్ అప్రచురితాలు కావు. అప్రచురితం అంటే వివరాలు తక్కువ అడుగుతారని చాలామంది అదే ఎంచుకుంటారు. అది ఇప్పటికి దాటిపోయినా తర్వాత కోర్టులో అవతలి లాయరు యూట్యూబు తేదీ చూపించగానే సర్టిఫికెట్ విలువ పడిపోతుంది. తెలిసీ అబద్ధపు నమోదు చేయిస్తే 67వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు శిక్షకూ అవకాశం ఉంది. ప్రచురణకర్త వేరే అయితే వాళ్ల ఎన్‌ఓసీ కూడా కావాలి. అట్ట మీద ఎవరి ఫొటో అయినా ఉంటే వాళ్లదీ.

అదనపు వివరాల పట్టికలో అనువాదకులు ఆగి చదవాల్సిన ప్రశ్న ఉంది: ఇది మూల రచనా, హక్కులు తీరిపోయిన రచనకు అనువాదమా, హక్కులున్న రచనకు అనువాదమా? అనుసరణకూ ఇవే ప్రశ్నలు. హక్కులున్నదైతే మూల శీర్షిక, భాష, రచయిత, ప్రచురణకర్త, అనుమతి వివరాలు ఇవ్వాలి. రచయిత జీవితకాలం, మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు, ఇదీ మన దగ్గర సాహిత్యానికి గడువు. 1966 లేదా 1967లో పోయిన రచయిత కథను అనువదించే ముందు ఏడాది సరిగ్గా లెక్కవేసుకోవాలి.

సాఫ్ట్‌వేర్, లోగోలు

సాఫ్ట్‌వేర్ విషయంలో 2021 మార్చి 30 నాటి నియమాల సవరణ పెద్ద మేలు చేసింది. అంతకుముందు సోర్స్ కోడ్ (మనిషి రాసిన రూపం), ఆబ్జెక్ట్ కోడ్ (యంత్రం నడిపే రూపం) రెండూ ఇవ్వాలని నియమం. లక్షల వరసల కోడ్‌ను ఏ రూపంలో ఇవ్వాలో ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఇప్పుడు సోర్స్ కోడ్ మొదటి 10 పేజీలు, చివరి 10 పేజీలు చాలు. మొత్తం 20 పేజీలు లేకపోతే పూర్తిగా ఇవ్వాలి. ఒక షరతు ఉంది: ఏ భాగాన్నీ నల్లగా కొట్టేయకూడదు, దాచకూడదు. పాస్‌వర్డులు, ఏపీఐ తాళాలు (బయటి సేవలను వాడుకోవడానికి ఇచ్చే రహస్య సంకేతాలు) కోడ్‌లోనే రాసే అలవాటున్నవాళ్లు ఇక్కడ ఇరుక్కుంటారు. కొట్టేస్తే లేఖ వస్తుంది, కొట్టేయకపోతే రహస్యం బయటపడుతుంది. కాబట్టి ముందే వాటిని వేరే ఫైలులోకి మార్చి, శుభ్రమైన వెర్షన్ నుంచే పేజీలు తీయాలి. మొదటి పది పేజీల్లో ఓపెన్ సోర్స్ లైబ్రరీల కోడ్ పడకుండానూ చూసుకోండి. మీరు రాయని కోడ్‌ను మీ రచనగా చూపించినట్టవుతుంది. పై భాగంలో వెర్షన్ నంబరు, రచయితల పేర్లు ఫారంలో ఉన్నట్టే ఉండాలి.

లోగోలు, లేబుళ్లు, ప్యాకింగు బొమ్మలు ఇంకో దారి. సరుకు మీద వాడే కళాకృతికి చట్టం 45వ సెక్షన్ ప్రకారం ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రార్ దగ్గర్నుంచి సర్టిఫికెట్ తేవాలి, అలాంటి గుర్తు ఇంకెవరి పేరా లేదని. దానికి టీఎం-సీ ఫారం, ఆన్‌లైన్‌లో 9,000 రూపాయలు. ఈ సర్టిఫికెట్ లేకుండా "ఇది బొమ్మే కదా" అని 500 కట్టి వేసే దరఖాస్తులు తప్పకుండా ఆగుతాయి. బొమ్మలో వ్యాపార నామం, "నెట్ బరువు", సరుకు పేరు కనిపిస్తే పరిశీలకుడు సరుకు కిందే లెక్కిస్తాడు. మొత్తం పదకొండు వేలు ఖర్చవుతుందని ముందే తెలిసి మొదలుపెట్టడం మేలు. ఒక్క పదం, చిన్న నినాదం, సాదా అక్షరాల పేరు అయితే అసలు మీ దారి కాపీరైట్ కాదు, ట్రేడ్‌మార్కుకు వెళ్లండి.

ఆధునికీకరణలో ఏం మారింది, ఏం మారాలి

ఆన్‌లైన్ దరఖాస్తు 2014 ఫిబ్రవరిలో మొదలైంది. మొదట్లో అది సగం ఆన్‌లైనే. పోర్టల్‌లో నింపి, ముద్రించి, సంతకం చేసి, ప్రతులు జతచేసి ఢిల్లీకి పోస్టులో పంపాలి. పోస్టు ఆలస్యమైతే డైరీ నంబరు ఉండి కూడా దరఖాస్తు ముందుకు కదలదు. ఇప్పుడు ప్రతులూ పత్రాలూ ఎక్కించడం, లేఖలు, జవాబులు, విచారణ దాదాపుగా ఇంటి దగ్గర్నుంచే జరిగిపోతున్నాయి. 2021 సవరణ ఎలక్ట్రానిక్ మార్గాన్నే ప్రధాన మార్గం చేసింది, ప్రకటనలకు గెజిట్ బదులు వెబ్‌సైట్‌లో కాపీరైట్ జర్నల్ పెట్టింది, రాయల్టీలు వసూలు చేసే సొసైటీలు ఏటా పారదర్శక నివేదిక ప్రచురించాలంది. గీత రచయితలూ స్వరకర్తలూ తమ సొసైటీ సైట్‌లో ఆ నివేదిక వెతికి చదవాలి, ఎంత వసూలైంది, ఎంత పంచారు అన్నది అక్కడే తేలుతుంది.

కాగితం పోయింది గానీ వరస పోలేదు. పోస్టులో ఆగేది ఇప్పుడు లోపాల లేఖ దగ్గర ఆగుతోంది. ఆ లేఖల్లో పెద్ద వాటా యంత్రం ముందే పట్టుకోగల తప్పులు. రచయిత గడిలో కంపెనీ పేరు, ప్రచురితం అని చెప్పి సంవత్సరం ఖాళీ, దరఖాస్తుదారూ రచయితా వేర్వేరైనా ఎన్‌ఓసీ లేకపోవడం. ఫీజు కట్టకముందే పోర్టల్ వీటిని అడ్డగిస్తే పరిశీలకుల సమయం నిజంగా చూడాల్సిన వాటికి మిగులుతుంది. కొత్త సర్వర్ల కంటే ఈ చిన్న మార్పు ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

రెండోది వెతుకులాట. రిజిస్టరు ప్రజలది, ఎవరైనా చూడవచ్చు. కానీ ఒక తెలుగు శీర్షికను తెలుగు లిపిలో టైపు చేసి, దాని నాలుగు రోమన్ స్పెల్లింగులూ ఒకేసారి దొరికేలా వెతకగలిగినప్పుడే ఆ రిజిస్టరు మనకు ఉపయోగపడుతుంది. భారతీయ భాషల లిపుల్లో అసలు శీర్షికను నమోదు చేసే గడి ఒకటి తప్పనిసరి కావాలి. కథ హక్కులు కొనే నిర్మాత ముందు చూసేది రిజిస్టరే.

మూడోది కృత్రిమ మేధ. 2020లో ఒక చిత్రానికి అలాంటి సాధనాన్ని సహ రచయితగా చూపిన దరఖాస్తు నమోదైపోయింది. ఏడాది తర్వాత దాన్ని వెనక్కి తీసుకుంటామంటూ ఆఫీసే నోటీసు పంపింది. ఫారంలో యంత్రం పాత్ర ఎంత అని అడిగే గడి లేనంతకాలం ఇలాంటివి తెలియకుండా దాటిపోతూనే ఉంటాయి. చట్టంలో కంప్యూటరు పుట్టించిన రచనకు "దాన్ని పుట్టించిన వ్యక్తి" రచయిత అని 1994 సవరణ నుంచి ఉంది. ఆ మాటకు నేటి అర్థమేమిటో పరిశీలకులకు రాతపూర్వక మార్గదర్శకం కావాలి, అది మనకూ కనిపించాలి.

ఇంకోటి, పోర్టల్‌తో తీరనిది. రిజిస్ట్రార్ ఉత్తర్వు నచ్చకపోతే ఎక్కడికి వెళ్లాలి? ఒకప్పుడు కాపీరైట్ బోర్డు ఉండేది. 2017లో దాని పని మేధో సంపత్తి అప్పీలు మండలికి పోయింది, 2021 ఏప్రిల్‌లో ఆ మండలినే రద్దు చేశారు. ఇప్పుడు మూడు నెలల్లోగా హైకోర్టుకే. 500 రూపాయల కథ దరఖాస్తు కోసం హైకోర్టు లాయరును పెట్టుకునే రచయితలు అరుదు. అందుకే విచారణ లేఖ వచ్చినప్పుడు దాన్నే ఆఖరి అవకాశంగా చూడాలి. పత్రాలన్నీ ఒకే పీడీఎఫ్‌గా, పేజీ నంబర్లతో, మొదటి పేజీలో డైరీ నంబరుతో ముందురోజే పంపండి. లేఖలో ఎన్ని లోపాలు చెప్పారో అదే క్రమంలో ఒక్కోదానికి ఒక్కో జవాబు రాయండి. పొడుగాటి వివరణలు వద్దు.

ఇన్ని తిప్పలు పడి తెచ్చుకునే సర్టిఫికెట్ చేసేదేమిటో కూడా సరిగ్గా తెలిసి ఉండాలి. కాపీరైట్ రాసిన క్షణంలోనే పుడుతుంది, ఆఫీసు ఇచ్చేది కాదు. నమోదు లేకున్నా దావా వేయవచ్చని 2021లో బాంబే హైకోర్టు స్పష్టం చేసింది. 48వ సెక్షన్ ప్రకారం రిజిస్టరులోని వివరాలు ప్రాథమిక సాక్ష్యం, అంటే అవి తప్పని నిరూపించే భారం అవతలివాడి మీద పడుతుంది. పరిశీలకుడు దేశంలోని అన్ని కథలతో మీ కథను పోల్చి చూడడు, అది సాధ్యమయ్యే పనీ కాదు. కాబట్టి మొదటి డ్రాఫ్టులు, తేదీలున్న ఈమెయిళ్లు, కోడ్ మార్పుల చరిత్ర సర్టిఫికెట్ వచ్చాక కూడా దాచుకోవాలి. యూట్యూబు లాంటి చోట నకలు కనిపిస్తే 75వ నియమం కింద రాతపూర్వక ఫిర్యాదు ఇస్తే 36 గంటల్లో అందుబాటు ఆపాలి. 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేకపోతే వాళ్లు తిరిగి పెట్టుకోవచ్చు. ఆ ఫిర్యాదుకు సర్టిఫికెట్ జతచేస్తే హక్కు ఎవరిదో వేరే రుజువులు చూపే శ్రమ చాలా తగ్గుతుంది.

సర్టిఫికెట్ ఈమెయిల్‌లో రాగానే ప్రతి గడీ ఫారంతో పోల్చి చదవండి. పేరులో అక్షరం, ప్రచురణ సంవత్సరం, ఎంచుకున్న వర్గం. పేరు, చిరునామా, వివరాల్లో తప్పులు 49వ సెక్షన్ కింద రిజిస్ట్రారే దిద్దగలడు. చిరునామా మారినా, హక్కులు ఇంకొకరికి బదిలీ అయినా వివరాల మార్పుకు సాహిత్యమైతే 200, సరుకు మీది బొమ్మకూ శబ్ద ముద్రణకూ 1,000, సినిమాకు 2,000 రూపాయలు. ఇది ఎప్పుడైనా చేయవచ్చని వాయిదా వేస్తారు. తీరా హక్కులు అమ్మే రోజున కొనేవాళ్ల లాయరు పాత చిరునామా, పాత యజమాని పేరు చూసి సంతకం ఆపేస్తాడు. వచ్చిన వారంలోనే దిద్దించుకోండి.